నొప్పుల వేళ పక్కన కూర్చునే మనిషి

కొమరోలు,
శుక్రవారం

చి.సౌ. చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

మొన్న బస్టాండు దగ్గర మీ చిన్నత్త ఎదురుపడి, "మీ చిట్టి హైదరాబాదులో కాన్పుకు డబ్బులిచ్చి ఎవరినో మాట్లాడుకుందంట గదా, కన్నతల్లి యాడికి పోయింది?" అని నలుగురిలో అడిగింది. జవాబు చెప్పకుండా వచ్చేశాను. సాయంత్రం గిద్దలూరుకు ఫోన్ చేసి మీ అమ్మతో మాట్లాడితే ఆ ఊసే ఎత్తలేదు, కానీ గొంతు బాగాలేదు. నువ్వేమో అంతకుముందే నాకు పెట్టిన మెసేజ్‌లో కాన్పులో తోడుండే ఆ డౌలా సంగతంతా రాసి, చివర్లో "భయంగా ఉంది పెద్దమ్మా" అన్నావు. మీ చిన్నత్త మాటలు నేను లెక్కచెయ్యను. నీ భయం మాత్రం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఫోన్లో అయితే నువ్వు నవ్వించి మాట మార్చేస్తావు. అందుకని రాస్తున్నాను. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని నిదానంగా చదువు.

ముందు నా మాట చెప్పేస్తాను. ఆ డౌలా అమ్మాయిని పెట్టుకో. ఎవరేమన్నా పెట్టుకో.

ఏఎన్ఎంగా నా ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది, నీకు తెలుసు. కాన్పు గదిలో డాక్టరమ్మకు తన పని ఉంటుంది, నర్సుకు తన పని ఉంటుంది. ఒక బల్ల మీద తల్లికి బిడ్డ తల కనబడుతుంటే ఇంకో బల్ల మీద తల్లికి బీపీ చూడాలి, కేస్ షీటు రాయాలి, ఫోనెత్తాలి. వాళ్లు మంచివాళ్లు కాక కాదు, వాళ్లకున్నవి రెండే చేతులు. పక్కన కూర్చోవడమే పనిగా ఉన్న మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి. బీపీ చూడక్కర్లేదు, లోపలి పరీక్ష చెయ్యక్కర్లేదు, సూది వెయ్యక్కర్లేదు. నొప్పి మొదలైన దగ్గర్నుంచి బిడ్డ రొమ్ము పట్టేదాకా నిన్ను వదిలిపోకుండా ఉంటే చాలు.

మన పల్లెల్లో ఆ పని మంత్రసాని చేసేది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తాటిచర్ల వైపు ఒక ముసలామె ఉండేది. నొప్పులని కబురు వస్తే చేతిలో పని అక్కడే వదిలేసి పోయేది. చూలింత వెనకాల గోడకానుకుని కూర్చుని, తన రెండు మోకాళ్ల మధ్య ఆమెను ఆనించుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా చెవిలో ఏదో ఒకటి చెబుతూ ఉండేది. ఎద్దుల గురించి, వానల గురించి, వాళ్ల ఊరి తగాదాల గురించి! బిడ్డ పుట్టాక కూడా పోయేది కాదు. పదకొండో రోజు పురుడు పోసేదాకా పొద్దున్నే వచ్చి తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసి, పొగ వేసి, పాలు పడుతున్నాయో లేదో చూసిపోయేది. అయితే ఆమె చేతి కొడవలి ముక్కు, బొడ్డు మీద చల్లే బూడిదే ధనుర్వాతం తెచ్చేవని కూడా నేను మర్చిపోలేదు. మాకు శిక్షణలో అయిదు శుభ్రతలు నేర్పారు: చేతులు, పరిచే గుడ్డ, బ్లేడు, బొడ్డు కట్టే దారం, కోసిన బొడ్డు. అవే ఆమెకూ నేర్పాం. టీటీ సూదులు, ఆసుపత్రి కాన్పులు కలిసి ఆ జబ్బును తరిమాయి. 2003లో దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ముందు మన ఆంధ్రప్రదేశే పసిబిడ్డల ధనుర్వాతం పోయిందనిపించుకుంది. ఆ మాట విన్న రోజు నేను ఆఫీసులోనే ఏడ్చేశాను. కానీ కాన్పులు ఆసుపత్రికి పోయినప్పుడు, వెనకాల గోడకానుకుని కూర్చునే ఆ మనిషిని మాత్రం ఎవరూ వెంట తీసుకుపోలేదు. ఇప్పుడు నువ్వు డబ్బిచ్చి పిలుచుకుంటున్నది ఆ మనిషినే. ఇందులో తలవంపులేమున్నాయి?

తిన్నావా? ఈ నెలలో కడుపు మీద బరువుకు ఒకేసారి తినలేవు. కొంచెం కొంచెంగా తిను.

తోడు మనిషి ఉండాలని నేను ఊరికే ఊహించి చెప్పడం లేదు. క్లౌస్, కెన్నెల్ అని ఇద్దరు పిల్లల డాక్టర్లు, వాళ్ల తోటివాళ్లు గ్వాటెమాలాలో ఒక రద్దీ ఆసుపత్రిలో తొలి కాన్పు తల్లులను చూశారు. కొందరికి పక్కన ఒక ఆడమనిషిని కూర్చోబెట్టారు, కొందరికి మామూలుగా వదిలేశారు. తోడున్న వాళ్లకు కాన్పు దాదాపు సగం సమయంలోనే అయిపోయింది. 1980లో అచ్చయింది అది. గమనించాల్సింది ఇంకొకటుంది, ఆ తోడు కూర్చున్నవాళ్లు డాక్టర్లు కారు, నర్సులు కారు, ఆ తల్లులకు అంతకుముందు పరిచయం ఉన్నవాళ్లు కూడా కారు. తర్వాత 17 దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల లెక్కలు కలిపి 2017లో కోక్రేన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు చూశారు. విడవకుండా తోడున్న తల్లులకు ఆపరేషన్లు తగ్గాయి, నొప్పి మందులు తగ్గాయి, కాన్పు గురించి చేదు జ్ఞాపకాలు కూడా తగ్గాయి. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును రానివ్వమంది. కాబట్టి నువ్వు కోరేది గొంతెమ్మ కోరికేం కాదు.

ఇక నీళ్ల సంగతి. దీని గురించి నేను ఎంతైనా రాస్తాను, విసుక్కోకు.

నొప్పుల్లో ఉన్న మనిషి గంటల తరబడి నోటితో ఊపిరి తీస్తుంది, అరుస్తుంది, చెమటలు కారుస్తుంది. నాలుక అంగిట్లో అంటుకుపోతుంది, పెదవుల మీద తెల్లగా పొరలు లేస్తాయి. నీళ్లు అడిగితే "సెలైన్ ఎక్కుతోంది గదమ్మా" అంటారు. సెలైన్ నరంలోకి పోతుందే గానీ నాలుక తడపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన కాన్పు సూచనల్లో, ప్రమాదం లేని తల్లి నొప్పుల్లో కూడా నీళ్లు తాగొచ్చు, తినాలనిపిస్తే తినొచ్చు అని రాసింది. ఆపరేషన్ పడేట్టుంటే, మత్తు డాక్టరు వద్దంటే అది వేరే సంగతి, అప్పుడు వాళ్ల మాటే మాట. అందుకని ముందే అడిగి పెట్టుకో. నీకు తోడుండే అమ్మాయికి నేను చెప్పమన్నానని ఇది చెప్పు: నొప్పి మీదున్నప్పుడు గ్లాసు నోటికి పెట్టకూడదు. నొప్పి దిగి నువ్వు కళ్లు తెరిచిన క్షణంలో, నువ్వు అడక్కముందే, రెండు గుక్కలు. తల ఎత్తలేవు కాబట్టి వంగే స్ట్రా ఉండాలి. తర్వాత తడిగుడ్డతో పెదవులు అద్దాలి. గంటా రెండు గంటలకోసారి ఒంటికి పంపాలి, మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డం. ఈ నాలుగూ చేసిందంటే ఆమె జీతం సార్థకం.

అసలు భయం నాకు కాన్పు తర్వాత. బాలింతకు నీళ్లిస్తే పొట్ట జారుతుందని, కుట్లు చీము పడతాయని, బిడ్డకు జలుబు చేస్తుందని మన ఇళ్లలో ఇంకా అంటూనే ఉన్నారు. పొద్దున ఒక గ్లాసు, రాత్రికి ఒక గ్లాసు, అదీ కాచి చల్లార్చింది. ఒక పల్లెలో నేను బిడ్డను చూడ్డానికి పోయేసరికి బాలింతకు నీళ్లు పోస్తున్నారు. వాళ్లత్త గంగాళం దగ్గరికి తిరగ్గానే ఆ పిల్ల తల మీద నుంచి కారే వేడినీళ్లను దోసిట్లో పట్టుకుని తాగేసింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు ఆ పిల్లకు. నన్ను చూసి, చెప్పొద్దని చేత్తో సైగ చేసింది. అప్పటి నుంచి ఏ ఇంటికి పోయినా బాలింత మంచం పక్కన చెంబుందా లేదా అనేదే నేను ముందు చూసేదాన్ని. బిడ్డ రొమ్ము పట్టగానే తల్లికి దప్పిక అవుతుంది, అది ఒళ్లు తనంతట తాను అడగడం. పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే కదా. బాలింత తాగకపోతే మలబద్ధకం వచ్చి కుట్లు లాగుతాయి, ఒంటికి పోతే మంట పుడుతుంది. మనది నీళ్లకు మొహం వాచిన సీమ. ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుంటాం, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం నా వయసంతా ఎదురుచూశాం. నీళ్ల విలువ తెలిసిన ఊళ్లోనే, పాలిచ్చే ఆడపిల్ల నోటి దగ్గర నీళ్లు ఆపడం నేను ఓర్చుకోలేను. ఎవరెన్ని చెప్పినా దాహమైనంత తాగు. మీ అమ్మకు కూడా ఈ పట్టింపు ఉంది. నేను చెబితే "నీదంతా ఇంగ్లీషు వైద్యం" అంటుంది. అందుకే ఆ డౌలాను కాన్పు వరకే కాకుండా ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు రమ్మని మాట్లాడుకో. బయటి మనిషి మర్యాదగా చెబితే మీ అమ్మ వింటుంది.

మీ అమ్మను కష్టపెట్టకు తల్లీ. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని ఆమెకు ఎంత ఆశో! గిద్దలూరులో ముందు గదికి సున్నం కూడా వేయించింది. ఇబ్బంది ఏదన్నా వస్తే నంద్యాలకు నల్లమల ఘాటు దాటి పోవాలి, ఒంగోలు ఇంకా దూరం, నువ్వు హైదరాబాదులోనే ఉండటం మేలని నేనే ఆమెకు చెప్పాను. నువ్వు మాత్రం "అమ్మా, నువ్వు నా పక్కనుంటే నేను ఏడుస్తాను, నేనేడిస్తే నువ్వు ఏడుస్తావు, బిడ్డను మాత్రం ముందు నీ చేతుల్లోనే పెట్టాలి" అని నీ నోటితో చెప్పు. ఆ ఒక్క మాటకు ఆమె కరిగిపోతుంది. బాలింత కాయం ఆమెనే చెయ్యమను. సొంఠి, పిప్పళ్లు, నువ్వుల నూనె పాళ్లు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

నా మొదటి కాన్పు ఒక పెద్దాసుపత్రిలో. మా అమ్మను, అంటే మీ అవ్వను, తలుపు బయటే ఆపేశారు. లోపల నేల తుడిచే ఆయమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి నా వేళ్లు పట్టుకుంది. చెయ్యి గరుగ్గా, ఫినాయిల్ వాసన వస్తూ ఉండేది. ఆమె పేరు కూడా అడగలేదు. మీ అక్క పుట్టిన క్షణం కన్నా ఆ చెయ్యే నాకు స్పష్టంగా గుర్తుంది. పెన్నీ సిమ్‌కిన్ అని అమెరికాలో డౌలాలకు పెద్దదిక్కులా ఉండిన ఆవిడ, కాన్పయి పదిహేను ఇరవై ఏళ్లయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగితే, ఆ రోజు ఎవరు ఏమన్నారో, ఎవరు ఎలా చూశారో అంతా పూసగుచ్చినట్టు చెప్పారంట. నీకు తోడుండే మనిషిని నువ్వు ముసలిదానివయ్యాక కూడా తలుచుకుంటావు. అందుకని మంచిదాన్ని ఎంచుకో. ఎంత తీసుకుంటుందని కాకుండా ఎలా మాట్లాడుతుందో చూడు. "నేనుంటే నార్మలే అవుతుంది" అని మాటిస్తే వద్దను. డాక్టరుతో పోట్లాడే మనిషి వద్దు. నువ్వేం అనుకుంటున్నావో డాక్టరును నీ చేతనే అడిగించే మనిషి కావాలి. ఆమెను, అల్లుణ్ణి ఇద్దర్నీ లోపలికి రానిస్తారా, ఒక్కరినేనా అన్నది మీ ఆసుపత్రి వాళ్లను ఇప్పుడే అడుగు. తొమ్మిదో నెల దాకా ఉంచకు.

ఒక్కరినే అంటే? అల్లుడికి చేత్తో పని నేర్పించి లోపలికి పంపు. నడుము కింద, తోక ఎముకకు పైన చదునుగా ఉండే చోట అరచేతి మొదలుతో గట్టిగా నొక్కి పట్టాలి, నొప్పి దిగేదాకా తియ్యకూడదు. ఈ పని డౌలా ముందే ఇంట్లో అతనికి చూపిస్తుంది. రోజూ రాత్రి అలవాటు చేసుకోమను. సెల్లు మాత్రం బయట పెట్టి పొమ్మను.

ఇంకొకటి. ఆపరేషన్ అయితే ఓడిపోయినట్టు అనుకోవద్దు. మీ తెలంగాణలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో 81.5. మన ఆంధ్రలో 42.4. ఇవన్నీ అవసరమైనవే అంటే నేను నమ్మను. మీ హైదరాబాదులోనే ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లు 2011 నుంచి మిడ్‌వైఫులకు శిక్షణ ఇస్తున్నారు, 2017లో తెలంగాణ సర్కారు కూడా కరీంనగర్‌లో నర్సులకు అదే శిక్షణ మొదలుపెట్టింది, ఎందుకో ఆలోచించు. కానీ బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందంటే, రక్తం పోతోందంటే కత్తే ప్రాణం నిలబెడుతుంది. 108 అంబులెన్సు రాని రోజుల్లో జీపులో గిద్దలూరు దాకా తీసుకుపోలేక దారిలో పోయిన తల్లులను నేను చూశాను. ఆపరేషన్ గది బల్ల మీద కూడా నీ తల దగ్గర ఒక మనిషి ఉండొచ్చేమో అడుగు.

కాళ్ల వాపు ఎలా ఉంది? మొహం ఉబ్బినా, కళ్లు మసకబారినా, తలనొప్పి తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి పో. ఇంటికొచ్చాక మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపొస్తుంది, అది పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డను చూడబుద్ధి కాకపోతే దాచుకోకు. నాకు అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి, డాక్టరుకు కూడా చెప్పు.

ఆ అమ్మాయి నంబరు పంపు. నేను ఒకసారి మాట్లాడతాను. వచ్చే నెల మీ అమ్మతో పాటు నేనూ వస్తున్నాను. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ ఇప్పుడే చెప్పొద్దు. పాత నూలు చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, బిడ్డకు పొత్తిగుడ్డలు చింపి పెట్టాను. కొత్తవి కొనకు.

ఇట్లు,
నీ పెద్దమ్మ