దమ్ముకు ఎన్ని మిల్లీగ్రాములు? – ఒక బుల్లి ఆవిరి యంత్రానికి పెట్టిన పరీక్ష

ఈ వ్యాసానికి మూలం లాబొరేటరీ కాదు, ఒక ఫోను. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి దీపావళికి ఫోను చేసి, మాటల మధ్యలో జేబులోంచి పెన్ను కంటె కాస్త లావుపాటి వస్తువొకటి తీసి చూపించాడు. "ఒరేయ్, సిగరెట్టు మానేశానురా. ఇప్పుడు దీన్నే లాగుతున్నా. నువ్వు ఫిజిక్సు వాడివి గదా, ఇది మంచిదో చెడ్డదో పరీక్ష చేసి చెప్పు" అన్నాడు. రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చిన మనిషి, పదేళ్ళుగా. వెనకనుంచి వదిన, "మానేశాడో, మారేశాడో నువ్వే తేల్చు బాబూ" అంది.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే కుటుంబం. నా హాస్టలు ఫీజు బ్యారన్‌లోంచి వచ్చిందే. కనుక ఈ ప్రశ్నకు నేను ఏ పక్షమూ లేకుండా జవాబు చెబుతానని చదువరులు నమ్మనక్కరలేదు. అంకెలను మాత్రం నమ్మవచ్చు. వాటిలోని తప్పులతో సహా ఇక్కడ ఇస్తున్నాను.

ముందే ఒక మాట. మన దేశంలో ఈ యంత్రాలను 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ డిసెంబరులో చట్టం ద్వారా నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన, అన్నీ నేరమే. నిల్వ తప్ప మిగతావాటికి మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి యంత్రం ఇంగ్లండులో అన్నయ్యగారి వంటింటి బల్లమీద ఉంది, నేను ఇక్కడ హాస్టలు వరండాలో కాగితం, పెన్సిలుతో ఉన్నాను. మన కెమిస్ట్రీ లాబ్‌లో ఎవరూ ఈ సరదాకు పోవద్దు.

ఇక యంత్రం సంగతి. ఇది కొత్త ఊహేమీ కాదు. హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1963లోనే పొగ లేని సిగరెట్టుకు పేటెంటు దరఖాస్తు పెట్టి 1965లో పొందాడు గాని, సరుకు బజారుకు రాలేదు. నేటి యంత్రం 2003లో చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు చేసినదాని సంతతి. లోపల ఉన్నవి నాలుగే: ఒక లిథియం బ్యాటరీ, ఒక మీట, ద్రవం పోసే టాంకు, ఆ టాంకు మధ్యలో దూదిని చుట్టుకొని ఉన్న నిరోధపు తీగ. మన ఇళ్ళలో దీపం వత్తి నూనెను పీల్చినట్టే ఆ దూది ద్రవాన్ని పీలుస్తుంది. మీట నొక్కితే తీగ వేడెక్కి ద్రవం ఆవిరై, గాలిలో మళ్ళీ సన్నని తుంపరగా మారుతుంది. మనం పొగ అనుకునేది ఆ తుంపరే. ఏదీ కాలదు. సిగరెట్టుకూ దీనికీ అసలు భేదం అక్కడే ఉంది. తారు, కార్బన్ మోనాక్సైడు ఆకు కాలడం వల్ల పుట్టేవి.

ద్రవంలో సగం ప్రొపిలీన్ గ్లైకాల్, సగం గ్లిజరిన్, కాస్త వాసన, నికొటిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండవది 290 వద్ద మరుగుతాయి. మిల్లీలీటరుకు ఒకటి 1.04 గ్రాములు, మరొకటి 1.26 గ్రాములు తూగుతాయి. సగం సగం కలిపితే సుమారు 1.15. ఈ అంకె దగ్గర పెట్టుకుంటే ద్రవాన్ని కొలవడానికి బీకరు అక్కరలేదు, తక్కెడ చాలు.

అన్నయ్య డబ్బా మీద ఉన్నవి చదివించాను: బ్యాటరీ 650 మిల్లీ ఆంపియర్ గంటలు, తీగ నిరోధం 1.8 ఓములు, టాంకు 2 మిల్లీలీటర్లు, ద్రవంలో నికొటిన్ మిల్లీలీటరుకు 12 మిల్లీగ్రాములు. అక్కడి చట్టం ప్రకారం టాంకు 2 మి.లీ. మించరాదు, నికొటిన్ 20 మి.గ్రా. మించరాదు, సీసా 10 మి.లీ. మించరాదు. కనుక డబ్బా చట్టం లోపలే ఉంది.

మనం ఇంటరులో చదివిన లెక్కే: వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సామర్థ్యం. 3.7 వోల్టుల వద్ద 7.6 వాట్లు. మూడు సెకన్ల దమ్ముకు సుమారు 23 జౌల్స్. బ్యాటరీలో మొత్తం శక్తి 650ని 3.7తో, గంటలోని 3600 సెకన్లతో గుణిస్తే సుమారు 8,660 జౌల్స్. అంటే పైలెక్కకు 380 దమ్ములు. నష్టాలు తీసేస్తే మూడువందలు వస్తే గొప్ప.

చిక్కు ఎక్కడంటే, ఈ చవక యంత్రంలో వోల్టేజిని నిలకడగా ఉంచే ఏర్పాటు లేదు. పూర్తి చార్జిలో బ్యాటరీ 4.2 వోల్టులు, దీపం మిణుకుమనే ముందు దాదాపు 3.4. సామర్థ్యం వోల్టేజి వర్గంతో మారుతుంది గనుక 9.8 వాట్లనుంచి 6.4 వాట్లకు జారుతుంది. నిష్పత్తి 1.5. పొద్దుటి దమ్మూ రాత్రి దమ్మూ ఒకటి కావన్నమాట. మరి మనిషి ఏం చేస్తాడు? రాత్రి ఇంకాస్త గట్టిగా, ఎక్కువసేపు లాగుతాడు. ఇది నిజమో కాదో చూడాలనిపించింది.

వదిన దగ్గర మసాలాలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ ఉంది, 0.01 గ్రాము చూపిస్తుంది. ఖాళీ టాంకు తూచి, నింపి తూచారు. తేడా 2.26 గ్రాములు. లెక్క ప్రకారం 2.3 రావాలి, పైన గాలి బుడగ ఉండిపోయింది. టాంకు కొలత నిజమేనన్నమాట. తర్వాత దాన్ని రాత్రంతా తలకిందులుగా తెల్ల కాగితం మీద పెట్టించాను. పొద్దున కాగితం మీద మచ్చ లేదు, బరువు తగ్గలేదు. ఈ రెండూ చూసి నాకు యంత్రం మీద కొంచెం గౌరవం కలిగిన మాట దాచను.

ఆ గౌరవంలోనే తప్పు చేశాను. "అన్నయ్యా, పూర్తి చార్జి పెట్టి 20 దమ్ములు లాగి తూచు. దీపం మిణుకుమనేటప్పుడు మళ్ళీ 20 లాగి తూచు" అన్నాను. మంచి మనిషి, లాగాడు. మొదటి ఇరవైకి 0.12 గ్రాము, తర్వాతి ఇరవైకి 0.07 గ్రాము తగ్గింది. నిష్పత్తి 1.7! వర్గసూత్రం కంటె ఎక్కువ పడిపోతోంది. ప్రతి దమ్ములో కొంత శక్తి తీగనూ దూదినీ వేడి చేయడానికే పోతుంది, మిగిలిందే ఆవిరికి, అందుకే ఎక్కువ తగ్గిందని ఒక సిద్ధాంతం అల్లి, మా ఫిజిక్సు సార్ దగ్గరకు పరుగెత్తాను.

సార్ కాగితం చూసి, "నీ తక్కెడ అటూ ఇటూ 0.01 తప్పు చూపవచ్చు గదా. అప్పుడు 0.11ని 0.08తో, 0.13ని 0.06తో భాగించు" అన్నారు. ఒకటి 1.4, మరొకటి 2.2. నా సిద్ధాంతం ఆ సందులో మునిగిపోయింది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర లెక్క లేదు. "మానాలనుకునే మనిషి చేత నీ ప్రయోగం కోసం నలభైసార్లు లాగించావా?"

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేశాను. "తల కాస్త తిరిగిందిలేరా, నీ చదువు కోసం గదా" అన్నాడు. ఇక ఆయన ఊపిరితిత్తులను నా పరికరంగా వాడకూడదని తేల్చుకున్నాను.

నిజానికి ప్రయోగశాలల్లో మనిషి లాగడు, యంత్రం లాగుతుంది. 2018లో వచ్చిన ఐ.ఎస్.ఒ. 20768 ప్రమాణంలో దమ్ముకు 55 మి.లీ. గాలి, మూడు సెకన్ల పాటు, అరనిమిషానికి ఒకటి. మామూలు సిగరెట్టుకు ఉన్న పాత ప్రమాణంలో 35 మి.లీ., రెండు సెకన్లు, నిమిషానికి ఒకటి. ఆవిరి యంత్రాన్ని జనం ఎక్కువసేపు లాగుతారు కాబట్టే ఈ తేడా. మాకు అంత యంత్రం ఎక్కడిది? వదిన మందుల షాపులో 60 మి.లీ. సిరంజి కొనుక్కొచ్చింది. రబ్బరు గొట్టంతో మూతికి తగిలించి, అన్నయ్య మీట నొక్కగా వదిన గడియారం చూస్తూ 55 గీతదాకా లాగింది. కిటికీ తెరిచి, చేతులకు తొడుగులు వేసుకొని చేశారు. చార్జి నిండుగా ఉన్నప్పుడు 50 దమ్ములు, చివరలో 50.

ఫలితం: మొదటి యాభైకి 0.28 గ్రాము, చివరి యాభైకి 0.17 గ్రాము. అంటే దమ్ముకు 5.6 మిల్లీగ్రాములు, 3.4 మిల్లీగ్రాములు. నిష్పత్తి 1.65. తక్కెడ తప్పు కలుపుకుంటే 1.5 నుంచి 1.8 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. చార్జి తగ్గితే ఆవిరి తగ్గుతుందన్నది ఖాయం. వర్గసూత్రం కంటె ఎక్కువ తగ్గుతుందా అన్నది ఈ తక్కెడతో తేలదు. సార్ ఈసారి కాగితం మీద టిక్కు పెట్టారు.

ఇంకో చిన్న లెక్క. ఈ ద్రవం గ్రాము ఆవిరి కావడానికి వేడెక్కే భాగం, గుప్తోష్ణం కలిపి సుమారు 1200 జౌల్స్ కావాలి. దమ్ముకు 5 మి.గ్రా. చొప్పున 6 జౌల్స్. మనం ఇచ్చింది 23. దాదాపు మూడొంతులు తీగకు, దూదికి, లోహానికి, గాలికి పోతోంది. మా బ్యారన్‌లో కట్టెల లెక్క కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుందని నాన్న ప్రతి ఏడూ విసుక్కుంటాడు.

దూది తడిగా ఉన్నంతవరకే ఈ లెక్క. టాంకు అడుగంటినా, కొత్త తీగ వేసి నాలుగు నిమిషాలు నాననివ్వకుండా నొక్కినా, వేడి పోవడానికి ద్రవం ఉండదు. దూది మాడుతుంది, గ్లిజరిన్ విరిగి అక్రోలిన్, ఫార్మాల్డిహైడు వంటివి పుడతాయి. 2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 5 వోల్టుల వద్ద ఫార్మాల్డిహైడు రూపాలు చాలా కనిపించాయనీ, 3.3 వోల్టుల వద్ద కనిపించలేదనీ ప్రకటించారు. అదే ఏడాది గ్రీసు వైద్యుడు ఫర్సాలినోస్, అలాంటి మాడు దమ్మును మనిషి నోట్లో ఉంచుకోలేడని ప్రయోగం చేసి వాదించాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. అన్నయ్యకు నేను చెప్పింది ఒకటే: మాడు రుచి వస్తే వెంటనే ఆపు, తీగ మార్చు.

ఇక తక్కెడకు కనిపించనివి చాలా ఉన్నాయి. వేడి తీగ నుంచి నికెలు, క్రోమియం, టంకం నుంచి సీసం తుంపరలోకి రావచ్చని జాన్స్ హాప్‌కిన్స్ వారు 2018లో 56 మంది యంత్రాలను పరీక్షించి చూపారు. 2019లో అమెరికాలో రెండువేల ఎనిమిదివందల మందికి పైగా ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల పాలయ్యారు, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. కారణం ప్రధానంగా గంజాయి ద్రవంలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ అసిటేటు. తూకం వేస్తే ఆ ద్రవమూ ఇలాగే తూగేది.

సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన విన్నదల్లా విని, "అయితే దానికి ఆకు అక్కర్లేదా?" అన్నాడు. అక్కర్లేకేం, అందులోని నికొటిన్ ఎక్కువగా ఆకునుంచే తీస్తారు, ఈమధ్య రసాయనికంగానూ చేస్తున్నారని చెప్పాను. నికొటిన్‌ను 1828లో హైడెల్‌బర్గులో పోసెల్ట్, రైమాన్ అనే ఇద్దరు ఆకునుంచి విడదీశారు. మనవాళ్ళు పేనుబంకకు కొట్టే పొగాకు కషాయంలో పని చేసేది అదే. మంచులో తడిసిన ఆకు కోసిన రోజు కూలీలకు తల తిరిగి వాంతులయ్యేదీ దానివల్లనే, అది చర్మంగుండా లోపలికి దిగుతుంది. "అందుకేనా వాళ్ళ చేత తొడుగులు వేయించావు?" అన్నాడు నాన్న. అందుకే. మా పొలంలో కోసేవాళ్ళకు తొడుగులు లేవన్న సంగతి ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. వేలంలో ధర బాగుంటే ఈసారి కొందామన్నాడు. ధరతో పని లేకుండా కొనాలని నేనన్నాను.

అన్నయ్య అడిగిన అసలు ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇంగ్లండులోనే జరిగిన ఒక పరిశోధన. 2019లో హాయెక్ బృందం 886 మందిని రెండుగా విడదీసి సగం మందికి ఈ యంత్రం, సగం మందికి నికొటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ లాంటివి ఇచ్చింది. ఏడాది తర్వాత సిగరెట్టు మానినవారు యంత్రం వైపు 18 శాతం, రెండో వైపు 9.9 శాతం. కాని యంత్రంతో మానినవారిలో 80 శాతం ఏడాది చివర కూడా యంత్రాన్ని పట్టుకునే ఉన్నారు. పట్టీలవారిలో తమ సరుకు వదలనివారు 9 శాతమే. వదిన అన్న మాట ఈ అంకెల్లో ఉంది. సిగరెట్టు వదలడానికి మేలే, కాని ఇది వదలడం మరో పరీక్ష. ఎప్పుడూ కాల్చనివాడికి ఈ లెక్కలో ఏ లాభమూ లేదు, హాస్టలు మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

సంక్రాంతికి అన్నయ్య ఉత్సాహంగా ఫోను చేశాడు. "పన్నెండు నుంచి ఆరుకు దిగానురా, సగానికి సగం!" అన్నాడు. టాంకు ఎన్నాళ్ళు వస్తోందని అడిగాను. ఇదివరకు రెండు రోజులు వచ్చేది, ఇప్పుడు అయిదు రోజులకు నాలుగు టాంకులు. కాగితం తీశాను. అప్పుడు రోజుకు 1 మిల్లీలీటరు, 12 మిల్లీగ్రాములు. ఇప్పుడు రోజుకు 1.6 మిల్లీలీటర్లు, 9.6 మిల్లీగ్రాములు. తగ్గింది సగం కాదు, అయిదో వంతు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత వదిన గొంతు వినిపించింది: "నెలాఖరుకు మళ్ళీ తూచి చెబుతాం, పుస్తకంలో జాగా ఉంచు."

ఆ జాగా ఉంచాను.