గర్భాశయ ముఖద్వార క్యాన్సరు – టీకాపై తల్లిదండ్రుల సందేహములు

మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో సాఫ్ట్‌వేరు కొలువులు చేయు దంపతులు ఆడపిల్లల విషయమై నేడు తరచుగా అడుగు ప్రశ్నలు రెండు. “హెచ్.పి.వి. టీకా వేయించవచ్చునా? దానికి బదులుగా మూలికలేమైనా కలవా?” ఈ రెంటికిని సమాధానము తెలిసికొందము.

వ్యాధికి కారణము

గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరుకు దాదాపు అన్ని సందర్భములలోను హ్యూమన్ పాపిలోమా వైరస్ మూలము. ఈ సంబంధమును కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించెను. వందకు పైగా గల రకములలో 16, 18 సంఖ్యలు గల రెండే నూటికి సుమారు 70 వంతుల క్యాన్సరులకు కారణము. ఇది దాంపత్య సంబంధము ద్వారా సోకును. చాలమందిలో దేహబలముచే తానే తొలగిపోవును. తొలగక నిలిచినచో 15, 20 ఏండ్లకు క్యాన్సరుగా మారవచ్చును.

ఆయుర్వేద దృష్టి

చరకసంహిత చికిత్సాస్థానమున 20 యోనివ్యాపత్తులు, వాని చికిత్సలు చెప్పబడినవి. అయితే ఈ వైరస్ సోకకుండ కాపాడునని నిరూపింపబడిన మూలిక ఏదియు లేదు. వ్యాధికారణమును ముందుగానే తొలగించుట, అనగా నిదాన పరివర్జనము, మన శాస్త్రమునకు ప్రధానము. టీకా చేయు పని అదియే. కనుక ఆయుర్వేదాభిమానులు దీనిని పరాయిదిగా తలపనక్కరలేదు.

ఖమ్మం నేర్పిన పాఠము

2009 జూలైలో పాత్ అను అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముల సహకారముతో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేయించెను. తరువాత వారిలో కొందరు మరణించుటచే 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము ఆగిపోయెను. మరణములకు టీకాతో సంబంధము కనబడలేదని విచారణ సంఘము తెలిపెను. కాని పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 పత్రములపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లే సంతకములు చేసిరని తేలెను. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా తప్పుపట్టెను. జనుల అవిశ్వాసమునకు మూలము మందులోని దోషము కాదు, పిల్లల కన్నవారిని అడుగకపోవుటయే. ఆ గిరిజన తల్లులకు దక్కని ప్రశ్నించు అవకాశము మీకు కలదు. వైద్యుని నిస్సంకోచముగా అడిగి, తెలిసికొని, నిర్ణయింపుడు.

ఒక్క మోతాదు

2009లోనే దేశమున పలుచోట్ల ఆరంభమైన మరియొక పరిశోధన కూడ 2010లో ఆగెను. అందుచే వేలాది బాలికలకు ఒక్క మోతాదే అందెను. వారిని పదేండ్లు గమనింపగా, 16, 18 రకములు దేహమున నిలిచిపోకుండ ఒక్క మోతాదే నూటికి 95 వంతుల రక్షణ ఇచ్చినట్లు 2021లో వెల్లడియైనది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 మొదలు 20 ఏండ్ల వారికి ఒక్క మోతాదు చాలవచ్చునని ప్రకటించెను. 2023లో పూణె సీరం సంస్థవారి స్వదేశీ టీకా సెర్వావాక్ వెలువడెను.

పాటింపవలసినవి

1. టీకాకు 9 మొదలు 14 ఏండ్ల ప్రాయము శ్రేష్ఠము. ఇది సోకకముందే పనిచేయును. సోకిన వైరస్‌ను తొలగింపదు.

2. సూది పిదప బాలికను 15 నిమిషములు కూర్చుండబెట్టవలెను. కొందరికి కళ్లు తిరుగును. ఆనాడు పెసరకట్టు, జావ వంటి తేలిక ఆహారము మంచిది.

3. తీవ్ర జ్వరమున్నపుడు వాయిదా వేయవలెను. గర్భిణులకు వేయరాదు.

4. టీకా పొందినను, 30 ఏండ్లు దాటిన స్త్రీలు వైద్యుని సలహాపై ముఖద్వార పరీక్ష చేయించుకొనవలెను. తల్లులు తమ పరీక్షను మరువరాదు.

5. ముట్లుడిగిన పిదప గాని, సంగమానంతరము గాని రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట అగుచున్నను గృహవైద్యముతో కాలయాపన చేయరాదు. వెంటనే స్త్రీవైద్య నిపుణులను కలియవలెను.