నూనె తేలకున్నా కూర కమ్మగానే ఉంటుంది చెల్లెమ్మా!

"అక్కా, రాత్రిపూట బువ్వ మానేసినా. ఒక్క జొన్నరొట్టెతో సరిపెట్టుకుంటున్నా. అయినా ఒళ్లు తగ్గట్లేదు." మన నందికొట్కూరులో నలుగురు ఆడవాళ్లు కూచున్న చోట ఈ మాట రాకుండా ఉండదు. అట్ల అన్న ప్రతి చెల్లెలినీ నేను అడిగేది ఒకటే: రొట్టె ఒకటా రెండా అని లెక్క పెట్టుకుంటున్నావు సరే, ఆ రొట్టెలోకి చేసిన కూరలో నూనె ఎంత పోశావు?

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. బియ్యానికి సోల ఉంది, పాలకు గ్లాసు ఉంది, నూనెకు మాత్రం చేతివాటమే కొలత. ప్యాకెట్ మూల కత్తిరించి బాండలిలోకి వంపేస్తాం. అసలు కథంతా అక్కడే ఉందమ్మా.

లెక్క చెప్తా విను. పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకు 4 కేలరీలు. కొవ్వుకు గ్రాముకు 9. పెద్ద చెంచాడు నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, 120 కేలరీల దాకా ఉంటుంది. 50 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలో దాదాపు 170. చెంచాన్నర నూనె పడిందంటే నువ్వు మానేసిన రెండో రొట్టె మళ్లీ కడుపులోకి వచ్చినట్టే. పైగా రొట్టె ఆకలి తీరుస్తుంది, నూనె తీర్చదు.

"మాది గానుగ నూనె అక్కా, ఏం కాదు" అంటారు కొందరు. గానుగ నూనె రుచి వేరు, వాసన వేరు, నాకూ ఇష్టమే. కేలరీల దగ్గరికి వస్తే మాత్రం గానుగ పట్టిందైనా, రిఫైండ్ అయినా, ఆలివ్ నూనె అయినా, పేరిన నెయ్యి అయినా గ్రాముకు 9 కేలరీలే. మంచి నూనె కదా అని రెండింతలు పోస్తే ఒంట్లో చేరేదీ రెండింతలే.

మరి ఎంత వాడాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషి పళ్ళెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు ఉండాలని వాళ్లు లెక్కగట్టారు. అదే ఏడాది నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం మన దేశంలో మనిషి ఏడాదికి వాడే వంటనూనె 19.7 కిలోలు. రోజుకు వేసుకుంటే 54 గ్రాములు. హోటళ్లలో, ప్యాకెట్ తిండిలో తినేది కూడా ఇందులో కలిసే ఉంది. అవసరానికి రెండింతలు తింటున్నామని అర్థం.

ఇంటికి అన్వయించుకుందాం. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి ఆ 27 గ్రాముల లెక్కన నెలకు సుమారు మూడున్నర లీటర్లు, అదీ నెయ్యితో కలిపి. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటరు ప్యాకెట్లు తెస్తున్నారో ఒక్కసారి గుర్తు చేసుకో. ఐదు, ఆరు అంటే ఎక్కడ తగ్గించాలో వెతకాల్సిందే.

వెతుకుడు గుత్తొంకాయ నుంచే మొదలుపెడదాం. మన సీమలో ఆ కూరకున్న మర్యాద అంతా ఇంతా కాదు. పైన వేలెడు నూనె తేలకపోతే చుట్టాలు ఏమనుకుంటారో అని మనకు బెంగ. అర కిలో లేత వంకాయల్లో ఉండేది 125 కేలరీలు. అందులో మనం పోసే 150 మిల్లీలీటర్ల నూనెలో 1200కు పైనే. వంకాయ లోపలంతా గాలి గదులు, నూనెలో వేయిస్తే పీల్చేసుకుంటుంది. కాబట్టి వేయించొద్దు. నాలుగు పక్షాలుగా చీల్చి, ఉప్పు రాసి, ఆవిరి మీద పది నిమిషాలు మగ్గనివ్వు. సగం ఉడికిన కాయ ఇక నూనె అంతగా తాగదు.

ఇక మసాలా. బుడ్డలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి పెడతాం. ఇవన్నీ నూనెగింజలే కదా! బుడ్డల్లో, నువ్వుల్లో బరువులో దాదాపు సగం నూనె, ఎండుకొబ్బరిలో ఇంకా ఎక్కువ. సన్న సెగ మీద, చుక్క నూనె లేకుండా ఎర్రగా వేయించి నూరితే ఉడికేటప్పుడు ఆ నూనే పైకి తేలుతుంది. దాని మీద మళ్లీ గరిటెలు గరిటెలు పోయడం దేనికి? ఎండుకొబ్బరి సగం చెయ్యి. బుడ్డల్లో సగం తీసి పుట్నాల పప్పు వెయ్యి. ఉగ్గానిలోకి పుట్నాల పొడి కొట్టే మనకు దాని కమ్మదనం ఒకరు చెప్పాలా! నూనె చాలా తక్కువ, చిక్కదనం మాత్రం బాగా ఇస్తుంది. ఉల్లిగడ్డ నిప్పుల మీదో, పెనం మీదో కాల్చి నూరు. చింతపండు పులుపు, చిటికెడు బెల్లం సరిగ్గా పడితే మొత్తం కూరకు మూడు పెద్ద చెంచాల నూనె చాలు. నూనె లెక్క 360 కేలరీల్లో ముగుస్తుంది.

అట్లని నూనె పూర్తిగా మానేస్తానంటే నేను ఒప్పుకోను. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాలి. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు వాసన విడిచేది కూడా నూనెలోనే. అందుకే నూనెను తిరగవాతకు దాచిపెట్టుకో. పప్పు, పులుసు, పుండికూర ముందుగా నూనె లేకుండా ఉడికించేసి, దించే ముందు రెండు చిన్న చెంచాలతో ఘుమఘుమలాడే తిరగవాత పెట్టు. మూత తియ్యగానే ముక్కుకు తగిలేది ఆ వాసనే. ఉల్లిగడ్డలు వేయించేటప్పుడు అడుగంటితే మళ్లీ నూనె పొయ్యకు, కాసిని నీళ్లు చల్లి మూత పెట్టు.

ఉగ్గాని అయితే మనకు వరం. నానబెట్టి పిండిన బొరుగులు నూనె పెద్దగా అడగవు. బరువంతా పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలదే. వాటిని ఆదివారానికి ఉంచుకుని, మిగతా రోజుల్లో పెనం మీద కాల్చిన పచ్చిమిరపకాయ, నిమ్మకాయ బద్ద పెట్టి చూడు.

ఇప్పుడు పిల్లల సంగతి. కర్నూలుకు పోయి తిన్నారో, ఫోన్లో చూశారో, వాళ్లకు పాస్తా కావాలి, అదీ తెల్ల సాస్‌తో కావాలి. వద్దని కసరకమ్మా, ఇంట్లోనే చేసి పెట్టు. మామూలుగా ఆ సాస్‌కు రెండు పెద్ద చెంచాల వెన్నలో మైదా వేయించి పాలు పోస్తారు. వెన్నలోనే 200 కేలరీలు, పైన చీజ్ తురుము వేరే. నువ్వు చల్లటి పాలలో రెండు చెంచాల మైదా ఉండకట్టకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉండు, వెన్న లేకుండానే చిక్కబడుతుంది. వెల్లుల్లి, మిరియాల పొడి వేసి, చివర్లో చిన్న చెంచా వెన్న కలుపు, వాసన అంతా ఉంటుంది. పాస్తా ఉడికించిన నీళ్లు పారబొయ్యకు. గంజిలాగే అందులోనూ పిండి దిగి ఉంటుంది, గరిటెడు పోస్తే సాస్ పాస్తాకు బాగా పట్టుకుంటుంది. టమాటా సాస్ అయితే మరీ సులువు: చిన్న చెంచా నూనెలో వెల్లుల్లి, ఉల్లిగడ్డ, తర్వాత టమాటా గుజ్జు వేసి నీరంతా ఇగిరేదాకా ఓపిగ్గా ఉడికించు. మయొనైజ్ సీసా జోలికి మాత్రం పోవద్దు, అది నూనెను చిలికి చిక్కబరిచిందే.

ఒక జాగ్రత్త. రెండేళ్ల లోపు పిల్లలకు నూనె, నెయ్యి తగ్గించకూడదు, ఎదిగే మెదడుకు కొవ్వు కావాలి. కడుపుతో ఉన్నవాళ్లు, బక్కచిక్కిన ముసలివాళ్లు డాక్టరును అడిగి చెయ్యాలి.

అత్తమ్మకో, ఇంటాయనకో కొత్త కూర ఒక్క రోజులో నచ్చదు. చెప్పాపెట్టకుండా సగానికి తెగ్గోయకు. ఈ వారం ఒక చెంచా, వచ్చే వారం ఇంకొకటి తగ్గించుకుంటూ పో, నాలుక నెమ్మదిగా అలవాటు పడుతుంది. పండగ నాడు భక్ష్యాల మీద నెయ్యి వేసుకునే తిను, నేనేమీ అనను. ఒళ్లు పెంచేది ఏడాదికి నాలుగు పండగలు కాదు, మూడు పూటలా కొలత లేకుండా పోసే నూనె.

రేపు కొత్త నూనె ప్యాకెట్ తెరిచినప్పుడు దాని మీద పెన్నుతో తేదీ రాయి, ఎన్నాళ్లు వస్తుందో తెలుస్తుంది. నూనె డబ్బాలో ఒక చెంచా వేసి పెట్టు, ఇకమీదట ఆ చెంచాతోనే కొలువు. మానేసిన ఆ రాత్రి బువ్వ మళ్లీ మొదలుపెట్టు చెల్లెమ్మా, పప్పుతో, ఆకుకూరతో కడుపునిండా తిను. ఇంటిల్లిపాదికీ వండి, పనులన్నీ చేసి, చివరికి నువ్వొక్కదానివే అరకడుపుతో ఉండడం నాకు అస్సలు నచ్చలేదు.