క్రోమియం పూత – చుక్కల లెక్క

క్రోమియం పూత అనగానే సైకిలు హాండిల్ మీది తళతళ గుర్తుకొస్తుంది. ఆ తళతళ పుట్టే తొట్టి నుంచి గాల్లోకి ఏం లేస్తుందో, దాన్ని చట్టం ఎలా కొలుస్తుందో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఉదాహరణకి అమెరికా నియమాన్ని తీసుకుంటున్నాను. అందులో మన బి.ఎస్సీ. ప్రాక్టికల్ ఒకటి దాగి ఉంది మరి!

తొట్టిలో ఉండేది క్రోమిక్ ఆమ్లం. పంపిన విద్యుత్తులో ఐదోవంతు కూడా సాధారణంగా పూతకు ఉపయోగపడదు. మిగతాది చాలావరకు హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలకే సరి. బుడగ పైకొచ్చి పగిలినప్పుడల్లా ఆమ్లపు తుంపర గాలిలో కలుస్తుంది. అందులోని షట్‌సంయోజక క్రోమియం ముక్కు దూలానికి చిల్లు పెట్టగలదు, ఊపిరితిత్తుల క్యాన్సరు తేగలదు.

అందుకే అక్కడి పర్యావరణ సంస్థ 1995లో నియమం చేసి, 2012లో ఇంకా బిగించింది. పాటించడానికి ముఖ్యంగా రెండు దారులు. మొదటిది పొగగొట్టం పరీక్ష. గాలిని క్షార ద్రావణం గుండా లాగి క్రోమియం కొలవాలి. ఇలా మూడు విడతలు, ఒక్కోటి కనీసం రెండు గంటలు. పాత పెద్ద హార్డ్ క్రోమ్ కర్మాగారాల్లో ఘనమీటరుకు 0.011 మి.గ్రా. మించరాదు.

రెండో దారి, తొట్టిలో తలతన్యత తగ్గించే మందు కలపడం. అప్పుడు బుడగ మెల్లగా పగులుతుంది, తుంపర తగ్గుతుంది. తలతన్యత స్టాలగ్మోమీటరుతో కొలిస్తే సెంటీమీటరుకు 40 డైన్లు, టెన్సియోమీటరుతో అయితే 33 డైన్లు దాటకూడదు. అలా ఉంచగలిగితే మొదటి పొగగొట్టం పరీక్ష అక్కర్లేదు. కాని మొదటి 40 పని గంటలూ నాలుగు గంటలకోసారి కొలవాలి. హద్దు దాటకపోతే తర్వాతి 40 గంటలు ఎనిమిదికోసారి, ఆపైన 40 గంటలకోసారి. ఒక్కసారి దాటిందా, మళ్ళీ నాలుగు గంటల దగ్గర్నుంచి మొదలు!

ఇప్పుడు లెక్క చూద్దాం. స్టాలగ్మోమీటరులో నీరు 20 చుక్కలు, తొట్టి ద్రావణం 42 చుక్కలు పడ్డాయనుకుందాం. నీటి తలతన్యత 72 డైన్లు. 72ను 20తో హెచ్చించి 42తో భాగిస్తే 34.3. హమ్మయ్య, పాసు! అనిపిస్తుంది. కాని ద్రావణం నీటికన్నా బరువైనది. సాంద్రత 1.18 అనుకుని దానితోనూ హెచ్చిస్తే 40.5. ఫెయిలు!

ఆ సాంద్రతను వదిలేస్తే రిజిస్టరు శుభ్రంగానే ఉంటుంది. తనిఖీకి వచ్చినవారికీ 34.3 ముచ్చటగానే కనిపిస్తుంది. తొట్టి పక్కన ఎనిమిది గంటలు నిలబడే మనిషి మాత్రం 40.5నే పీలుస్తాడు. పొగగొట్టం పరీక్ష చేయించే కర్మాగారానికీ ఇదే వర్తిస్తుంది. ఆనాడు తుంపరపట్టే జల్లెడల దగ్గర ఎంత పీడనభేదం ఉందో, రోజూ చూసి రాసుకోవలసిందే. పరీక్ష ఒక్కనాటిది, ఊపిరి రోజూ పీల్చేది.

విద్యార్థి మిత్రులారా! ప్రాక్టికల్ రికార్డులో "రావలసిన విలువ" ముందే రాసి, చుక్కలు తర్వాత సర్దే అలవాటు మన లాబొరేటరీలకు కొత్త కాదు. అక్కడ పోయేది రెండు మార్కులు. రేపు మీలో ఎవరైనా ప్లేటింగ్ షాపులో కెమిస్టుగా చేరితే, ఆ చుక్కల లెక్క మరొకరి ఊపిరితిత్తుల లెక్క. కనుక ఇప్పుడే సరిగ్గా లెక్కపెట్టడం నేర్చుకుందాం.