చూయింగ్ గమ్‌లో ప్లాస్టిక్: సందేహాలు - సమాధానాలు

డాక్టర్ గారూ, మావాడు ఇంటర్ చదువుతున్నాడు. పొద్దస్తమానం నోట్లో చూయింగ్ గమ్ ఆడుతూనే ఉంటుంది. దానివల్ల ఒంట్లోకి ప్లాస్టిక్ పోతుందంటున్నారు, నిజమేనా?
- ఒక తల్లి, ఖమ్మం

నిజమేనమ్మా. తీపి, వాసన కరిగిపోయాక నోట్లో మిగిలే సాగుడు ముద్దను గమ్ బేస్ అంటారు. ఇప్పుడు దొరికే చాలా రకాల్లో అది పెట్రోలియం నుంచి తీసిన పాలిమర్లతో చేసిందే. పాలిథిలీన్, పాలీవినైల్ అసిటేట్, బ్యూటైల్ రబ్బరు వంటివి అందులో వాడతారు. ప్యాకెట్ మీద మాత్రం ‘గమ్ బేస్’ అని ముక్తసరిగా వేసి ఊరుకుంటారు. లోపలేముందో విడమరిచి రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. పిల్లల నోట్లోకి వెళ్లే వస్తువది.

అమెరికాలో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయానికి చెందిన సంజయ్ మొహంతి బృందం 10 బ్రాండ్లను పరీక్షించి, 2025 మార్చిలో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఫలితాలు చెప్పింది. నమిలే తీరూ లాలాజలమూ మనిషికో రకంగా ఉంటాయి కనుక అన్నిటినీ ఒక్కరి చేతే నమిలించి, లాలాజలాన్ని పట్టి చూశారు. గ్రాము గమ్ నుంచి సగటున 100 ప్లాస్టిక్ కణాలు ఊడాయి, కొన్నిటి నుంచి 600 దాకా. 20 మైక్రోమీటర్ల కంటే సన్నటివి వాళ్ల పరికరాలకు చిక్కలేదు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

అయినా కంగారు పడకండి. ఇది ఒక్క మనిషితో చేసిన చిన్న ప్రయోగం. జనాన్ని భయపెట్టడం తమ ఉద్దేశం కాదని మొహంతి కూడా అన్నారు. గమ్ నుంచి వచ్చే కణాలతో ఫలానా జబ్బు వస్తుందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. అలాగని రోజంతా నమలమని నేను చెప్పను. కణాల్లో 94 శాతం మొదటి 8 నిమిషాల్లోనే ఊడిపోతాయి. కాబట్టి తీపి పోగానే ఉమ్మేసి ఇంకోటి వేసుకునే అలవాటే ఎక్కువ చేటు. మీ అబ్బాయికి మాన్పించగలిగితే మంచిదే. మానలేకపోతే రోజుకొకటితో సరిపెట్టుకోమనండి. నమిలాక కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, రోడ్డు మీద ఉమ్మితే ఆ ప్లాస్టిక్ మట్టిలోకి చేరుతుంది.

‘నేచురల్’ అని రాసి ఉన్నది కొంటే ఇబ్బంది ఉండదా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

నేనూ అలాగే అనుకునేవాణ్నే. పూర్వం మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో సపోటా చెట్లకు గాట్లు పెట్టి, కారిన పాలు కాచి గమ్ చేసేవారు. మన పెరళ్లలో కాసే సపోటా జాతే అది. పచ్చికాయ తెంపితే చేతికంటుకునే జిగురు గుర్తుందిగా, అదే. కానీ ఈ పరిశోధనలో 5 రకాలు చెట్ల జిగురుతో చేసినవే. వాటిలోనూ దాదాపు అన్నే కణాలు కనిపించాయి. ఆ మాట చూసి ఎక్కువ ధర పెట్టకండి.

సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ వాడుతున్నాను. ఈ వార్త చూశాక ఆపేయాలనిపిస్తోంది.
- ఒక పాఠకుడు, గుంటూరు

దయచేసి ఆపకండి. సిగరెట్ పొగ క్యాన్సర్‌కు, గుండెపోటుకు దారితీస్తుందని దశాబ్దాల కిందటే రుజువైంది. గమ్ కణాల సంగతి ఇంకా పరిశోధనలో ఉంది. ఈ రెంటినీ ఒక్క గాటన కట్టకూడదు. పైగా నికోటిన్ గమ్‌ను మామూలు గమ్‌లా నమలకూడదు. నాలుగైదుసార్లు మెల్లగా కొరికి, నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. వేసుకోబోయే ముందు పావుగంట టీ, కాఫీ తాగకండి. తాగితే నికోటిన్ సరిగా ఒంటబట్టదు, సిగరెట్ మీదికే మనసు పోతుంది.