బైబిలు కళాశాలకు పంపుటకు ముందు సంఘము చేయవలసిన పని

పాఠ్యభాగములు: ఎజ్రా 7:6–10, అపొస్తలుల కార్యములు 18:1–3, 24–28, 1 తిమోతి 3:1–7, 2 తిమోతి 2:2



ప్రతి యేడు పరీక్షా ఫలితములు వచ్చిన తరువాత మన కోలారు బంగారు గనుల ప్రాంతములో ఒకరిద్దరు యౌవనులు సంఘ పెద్దల యొద్దకు వచ్చి, “అయ్యా, సేవకు వెళ్లాలని ఉంది, ఎక్కడ చేరమంటారు?” అని అడుగుచుందురు. తల్లి సంతోషించును. తండ్రి మాత్రము మౌనముగా ఉండును. ఆ మౌనమునకు కారణమున్నది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటినుండి అనేక కుటుంబములు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు వెళ్లి సంపాదించు బిడ్డల మీదనే ఆధారపడి బ్రతుకుచున్నవి. అట్టి బిడ్డను మూడు, నాలుగేండ్లు చదువుకు పంపుట ఆ ఇంటికి చిన్న సంగతి కాదు. కనుక ఈ పాఠములో మూడు ప్రశ్నలను ఆలోచింతము: పిలుపును పరీక్షించువారు ఎవరు? చదువు దేనికొరకు? చదివిన తరువాత ఎక్కడికి?

మన పూర్వికుల మార్గము

శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగువారి యొద్దకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడిరి. చాలా ఏండ్లు ఫలము స్వల్పమే. అయినను 1870 తరువాతి సంవత్సరములలో రామాయపట్నములో బోధకుల కొరకు వేదాంత పాఠశాల నెలకొన్నది. 1876–78 నాటి గొప్ప కరువు తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనిరి. బాప్తిస్మము ఒక దినపు పని. ఆ వేలమందికి ఊరూర వాక్యము నేర్పుట జీవితకాలపు పని. దానికి శిక్షణ పొందిన మనుష్యులు కావలసి వచ్చిరి. కెనడా బాప్తిస్టు మిషనువారును కాకినాడలో 1874లో పని ఆరంభించి, 1882లోనే సామర్లకోటలో సెమినరీ తెరిచిరి.

మొదటి ప్రశ్న: పిలుపును పరీక్షించువారు ఎవరు?

1 తిమోతి 3వ అధ్యాయములో పౌలు చెప్పిన లక్షణములను ఒక కాగితముపై వ్రాసికొని చూడుడి. వాటిలో బోధించు సామర్థ్యము ఒక్కటి. మిగిలినవి దాదాపుగా ఓర్పు, ధనాపేక్ష లేకుండుట, ఇంటిని చక్కగా నడుపుట, బయటివారి యొద్ద మంచి పేరు వంటివి. కళాశాలవారు బోధనను పరీక్షింపగలరు. మిగిలినవాటిని ఎరిగినవారు ఎవరు? అతనితో ఒకే లైనులో నివసించి, ఒకే కుళాయి యొద్ద నీళ్లు పట్టుకొన్నవారే. కనుక సిఫారసు ఉత్తరముపై సంతకము చేయుట మర్యాదకొరకు చేయు పని కాదు, అది సాక్ష్యము. వేరే కోర్సులో సీటు రాలేదు గనుక సేవకు పోదునన్నవానిని ప్రేమతో ఆపవలెను. నిజముగా భారము కలిగినవాడు బీదవాడైనందున ఆగిపోకుండ చూడవలెను.

అపొల్లో వాక్చాతుర్యము గలవాడు, లేఖనములయందు ప్రవీణుడు. అయినను కొరత ఉండెను. దానిని సవరించినవారు అకుల, ప్రిస్కిల్ల. వారెవరు? రోమా విడిచిపోవలసి వచ్చిన వలసదారులు, డేరాలు కుట్టి బ్రతికినవారు. మనవంటివారే. వారు అతనిని బహిరంగముగా సిగ్గుపరచలేదు, చేర్చుకొని విశదపరచిరి. ఆ బోధలో ఒక స్త్రీ పాలుపొందెనని గమనించుడి. మన కుమార్తెలలో పిలుపున్నవారిని కూడ అడిగి తెలిసికొనవలెను.

రెండవ ప్రశ్న: చదువు దేనికొరకు?

ఎజ్రా 7:10లో వరుస ఉన్నది: ధర్మశాస్త్రమును పరిశోధించుట, దాని చొప్పున నడచుకొనుట, పిమ్మట ఇతరులకు నేర్పుట. మధ్య మెట్టు దాటి పైకి ఎక్కరాదు. ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చినదేమనగా, పాఠము తెలిసినంత మాత్రమున పాఠము చెప్పుట రాదు. పిల్లల ఎదుట నిలిచి అభ్యాసము చేయవలెను. కనుక కళాశాలకు వెళ్లకముందు ఒక యేడాది ఆదివారపు బడిలో తరగతి నడపనిండు, రోగులను దర్శింపనిండు.

విలియం కేరీగారు చెప్పులు కుట్టు వృత్తినుండి వచ్చి, స్వయంకృషితో భాషలు నేర్చిరి. అయినను చదువు అక్కరలేదనలేదు. తోటివారితో కలిసి 1818లో సెరంపూర్ కళాశాలను స్థాపించిరి. నేడు సెరంపూర్ సెనేటు క్రింద బి.డి. చదువు డిగ్రీ ఉన్నవారికి నాలుగేండ్లు, ఇంటరు తరువాత చేరువారికి ఐదేండ్లు. 1964లో రాజమండ్రిలో ఆరంభమై 1973లో హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల తెలుగువారికి పరిచితమే. మన జిల్లాలోనే బంగారుపేటలో 1937లో ఆరంభమైన సౌత్ ఇండియా బిబ్లికల్ సెమినరీ ఉన్నది. ఉద్యోగము విడువలేనివారికి, 1971లో ఆరంభమై బెంగుళూరు కేంద్రముగా పనిచేయు టాఫ్టీ, ఇంటియొద్దనే చదువుకొను మార్గము చూపినది.

ఒక హెచ్చరిక. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు, కన్నడము మాట్లాడుదురు. తెలుగు బైబిలు చదువలేని యౌవనుడు ఇంగ్లీషులో పట్టా తెచ్చినను, అవ్వలకు, తాతలకు వాక్యము విప్పి చెప్పగలడా? నెహెమ్యా 8:8 ప్రకారము చదివినది జనులకు అర్థము కావలెను. అక్షరములు నేర్పుట కళాశాల పని కాదు, మన పని. వేసవి సెలవులు చాలును.

మూడవ ప్రశ్న: చదివిన తరువాత ఎక్కడికి?

అందరు ఇక్కడికే తిరిగి రావలెనని మేము కట్టడి చేయము. అంతియొకయ సంఘము తన శ్రేష్ఠులనే దూరమునకు పంపినది. అయితే మూడు సంగతులు ముందే మాట్లాడుకొనుడి. ఫీజులో ఇల్లు ఎంత, సంఘము ఎంత భరించును? సంపాదించు బిడ్డ వెళ్లినప్పుడు ఆ ఇంటి అక్కర ఎవరు చూతురు? తిరిగి వచ్చిన కాపరికి జీవింపదగిన జీతము ఇయ్యగలమా? బెంగుళూరులోను, దూరదేశములలోను ఉన్న మన సంఘస్థులు ఒక విద్యార్థిని కడవరకు ఆదుకొనుట, పదిమందికి ఒక్కసారి కానుక పంపుటకంటె మేలు.

2 తిమోతి 2:2లో నాలుగు తరములున్నవి: పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, ఇతరులు. మనకు అప్పగించినవారు తమ పని చేసిపోయిరి. ఇప్పుడు అప్పగించు వంతు మనది.

చర్చించుటకు ప్రశ్నలు:
1. మన సంఘమునుండి కడపట శిక్షణకు వెళ్లినవారు ఎవరు? వారికొరకు మనము ప్రార్థించుచున్నామా?
2. తెలుగు చదువ నేర్వవలసిన పిల్లలు మనలో ఎందరు? నేర్పువారు ఎవరు?
3. ఈ యేడు ఒక విద్యార్థికి మనము ఏమి చేయగలము?

ప్రభువు తన కోతకు పనివారిని మన ఇండ్లనుండియే పంపును గాక. ఆమేన్.