పురిటింట పది చేతులు

పుట్టిన బిడ్డకు పగలూ రాత్రీ అనే భేదం తెలియదు. తొమ్మిది నెలలు గర్భంలో పెరిగిన శిశువుకు సూర్యోదయమైనా అర్ధరాత్రి అయినా ఒక్కటే. రోజు మొత్తంమీద 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది గాని, ఆ నిద్ర ఏకబిగిన సాగదు. రెండు మూడు గంటలకొకసారి ఆకలి దానిని లేపుతుంది. ఇరవై నాలుగు గంటలలో 8 నుంచి 12 సార్లు పాలివ్వవలసి ఉంటుంది. ఒక్కొక్కసారికి అరగంట పట్టిందనుకొన్నా, తల్లికి రోజులో నాలుగు నుంచి ఆరు గంటలు అందులోనే గడుస్తాయి. నడుమ తేన్పు తెప్పించడం, తడిసిన పొత్తిగుడ్డలు మార్చడం, జోకొట్టడం ఉండనే ఉన్నాయి. ఈ లెక్క వేసి చూసినవారికి బాలింత అలసట ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

తొలికాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకురావడం తెలుగునాట చిరకాలంగా ఉన్న ఆచారం. అందులో ముద్దుమురిపాలతోపాటు చక్కని పని విభజన కూడా ఇమిడి ఉన్నది. అమ్మమ్మ కాళ్ళు చాపుకొని కూర్చుండి, బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకొని నీళ్ళు పోస్తుంది. పెద్దమ్మో పిన్నో బాలింతకు వేడినీళ్ళు తోడి పెడుతుంది. మెత్తని పాత నూలుచీరలు చింపి, ఉతికి, ఎండలో ఆరవేసిన పొత్తిళ్ళను మరొకరు మడతపెడతారు. ఇంటిలోని చిన్నవాళ్ళు ఉయ్యాల ఊపుతారు. ఇక తల్లికి మిగిలేవి పాలివ్వడం, తినడం, నిద్రించడం. అట్లు పది చేతులు పంచుకొన్న పనిని నేడు నగరాలలోని అనేక గృహాలలో రెండు చేతులే చేయవలసి వస్తున్నది.

పది దినాల పురుడును మైల అని పిలిచారు. బిడ్డను కన్న స్త్రీని అంటరానిదానివలె ఒక మూలగదిలో ఉంచడం ఆమెకు అవమానమే. గాలి వెలుతురు లేని గది తల్లికీ బిడ్డకూ మేలు చేయదు. అయినప్పటికీ ఆ కట్టుబాటువల్ల ఒక లాభం లేకపోలేదు. ఆ పది దినాలూ ఆమెను వంటింటిలోకి పిలిచేవారు కారు. చూడవచ్చేవారి తాకిడీ తక్కువగా ఉండేది. నేడు ఆసుపత్రినుంచి ఇల్లు చేరిన సాయంకాలమే బంధుమిత్రులు వచ్చి కూర్చుంటారు. బిడ్డ చేతులు మారుతూ ఉంటుంది. ఒంటిమీద కుట్లు మానని తల్లి వారికి కాఫీ కలుపుతూ ఉంటుంది. మైల అనే మాటను విడిచిపెట్టి, ఆ విశ్రాంతిని నిలుపుకొన్న ఇల్లు వివేకం గల ఇల్లు.

పూర్వాచారాలలో పూర్తిగా విడువవలసినవి కూడా ఉన్నాయి. కాన్పు అయిన వెంటనే వచ్చే చిక్కని ముర్రుపాలను మంచివి కావని పిండి పారవేయడం అటువంటిది. రోగనిరోధక పదార్థాలు పుష్కలంగా ఉన్న ఆ పాలు బిడ్డకు మొదటి రక్షణ. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలనీ, ఆరు నెలలు నిండేవరకు మంచినీళ్ళు సైతం అవసరం లేదనీ వైద్యులు చెబుతున్నారు. తేనె నాకించడం, ఆముదం పోయడం, వీధిలో అమ్మవచ్చిన గాడిదపాలు పట్టడం ప్రమాదకరం. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి ఏడాది నిండని పిల్లల ప్రాణానికే ముప్పు తేగలదు. ముక్కులో, చెవులలో నూనె చుక్కలు వేయడం, కంటికి కాటుక పెట్టడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టడం మానివేయాలి. బొడ్డుకు ఏమీ పూయక పొడిగా ఉంచితే అది తనంత తానే ఊడిపోతుంది. పథ్యం పేరిట బాలింతకు కూరలు, పప్పు, మంచినీళ్ళు తగ్గించడం మరొక పొరపాటు. పాలిచ్చే తల్లికి గర్భిణికంటె కూడా ఎక్కువ ఆహారం కావాలి.

పురిటింట మనసును ఎక్కువగా కుంగదీసే మాట ఒకటి ఉన్నది: “పాలు చాలడం లేదేమో!” బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. తల్లి బెంగపడుతుంది, డబ్బాపాలు ఇంటికి వస్తాయి. నిజానికి పుట్టిన మొదటి రోజులలో శిశువు బరువు కొంత తగ్గడం సహజం. సాధారణంగా రెండు వారాలలోపు ఆ బరువు తిరిగి వస్తుంది. ఐదో రోజు దాటిన తరువాత రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్లే. తడిసిన గుడ్డలు లెక్కించడం ఎంత చిన్న పనో, అది తీర్చే బెంగ అంత పెద్దది. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. పసిబిడ్డ మాత్రం ఏడవకముందే అడుగుతుంది. పెదవులు చప్పరిస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెదకుతుంది, పిడికిలి నోటిలో పెట్టుకొంటుంది. ఏడుపు ఆకలికి ఆఖరి గుర్తు. ఆ తొలి గుర్తులను కనిపెట్టి పాలిస్తే ఇంటిలో సగం ఏడుపు తగ్గుతుంది.

బిడ్డ నిద్రించినప్పుడు తల్లి కూడా నిద్రించాలని అందరూ చెబుతారు. ఆ సమయంలో అంట్లు ఎవరు తోమాలో మాత్రం చెప్పరు. సలహాకంటె సాయం ముఖ్యం. రాత్రి తొమ్మిది గంటలకు బిడ్డ పాలు తాగిన తరువాత, మళ్ళీ ఆకలి వేసేవరకు ఇంటిలో మరొకరు దానిని చూసుకొంటే తల్లికి రెండు మూడు గంటల గాఢనిద్ర దక్కుతుంది. పగలు బిడ్డను వెలుతురులో ఉంచి మాటలాడించాలి. రాత్రి దీపం తగ్గించి, మాటలు మాని, పాలిచ్చి పడుకోబెట్టాలి. ఇట్లు చేస్తే రెండు మూడు నెలలకు శిశువుకు రాత్రి అంటే ఏమిటో అర్థమవుతుంది. వెల్లకిలా, గట్టి పరుపుమీద, దిండ్లు లేకుండా పడుకోబెట్టడం క్షేమం.

పాలు తాగి, పొడిగుడ్డలలో ఉండి కూడా బిడ్డ గుక్కపట్టి ఏడ్చే సాయంకాలాలు కొన్ని ఉంటాయి. అమెరికా శిశువైద్యుడు బ్రేజల్టన్ 1962లో ప్రచురించిన పరిశీలనలో ఈ ఏడుపు ఆరో వారం వరకు పెరిగి, ఆ తరువాత తగ్గుతుందని చూపాడు. ఇది ముందే తెలిసిన తల్లి తన పెంపకంలో లోపమేమిటా అని మథనపడదు. ఎత్తుకొని తిప్పడం, గుండెకు హత్తుకోవడం, జోలపాట పాడడం కొంతవరకు పనిచేస్తాయి. ఏదీ పనిచేయక ఎత్తుకొన్నవారి ఓర్పు నశిస్తే, బిడ్డను పక్కమీద భద్రంగా పడుకోబెట్టి కొద్ది నిమిషాలు వసారాలోకి వెళ్ళిరావడం తప్పు కాదు. కోపంలో బిడ్డను పట్టి కుదపడం మాత్రం ఎన్నడూ కూడదు. ఆ కుదుపుకు లేత మెదడులో రక్తస్రావం కావచ్చు.

కాన్పు తరువాతి కొద్దిరోజులు కారణం లేని కన్నీరు చాలామంది తల్లులకు వస్తుంది. రెండు వారాలలోపు తగ్గిపోతుంది. అంతకు మించి దిగులు నిలిచినా, బిడ్డ పక్కన నిద్రిస్తున్నప్పటికీ తల్లికి నిద్ర పట్టకపోయినా, తాను ఎందుకూ పనికిరానిదాననే భావం కలిగినా దానిని వ్యాధిగా గుర్తించి చికిత్స చేయించాలి. దీనిని కనిపెట్టడానికి బ్రిటన్ వైద్యులు 1987లో పది ప్రశ్నల పట్టిక ఒకటి రూపొందించారు. భారతదేశంలో 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చు. “మేమందరం పిల్లల్ని కనలేదా?” అని అప్పుడు తల్లిని గద్దించే పెద్దవారు ఆమె నోరు మూయించగలరు గాని దిగులును పోగొట్టలేరు.

ప్రాణహితకు ఆవలి ఒడ్డున, తెలంగాణ సరిహద్దులో మహారాష్ట్రకు చెందిన గడ్చిరోలి జిల్లా ఉన్నది. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్యదంపతులు 1990లలో అక్కడి గ్రామస్త్రీలకు శిక్షణ ఇచ్చి, పురిటిళ్ళకు పంపి శిశువులను పరీక్షింపజేశారు. నవజాత శిశుమరణాలు సగానికి పైగా తగ్గిన వైనాన్ని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. 2011లో దేశమంతటా ఆశా కార్యకర్తలకు ఈ బాధ్యత అప్పగించారు. ఆసుపత్రిలో కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆమె రావాలి. పాలు తాగకపోవడం, ఒళ్ళు కాలిపోవడం లేదా చల్లబడడం, డొక్కలెగరేయడం, మూర్ఛ, అరిచేతులు అరికాళ్ళు పచ్చబడడం కనిపిస్తే ఆమె రాకకోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

1961నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, తొలి రెండు కాన్పులకు 12 వారాల సెలవును 26 వారాలకు పెంచారు. కలుపుతీతకు పోయే కూలి తల్లికి ఆ సెలవు ఎవరిస్తారు? ఆమెకు ఇరుగుపొరుగే దిక్కు. సముద్రాలు దాటిన తెలుగు కుటుంబాలలో కూతురి కాన్పుకోసం అమ్మమ్మ విమానమెక్కి అమెరికా వెళ్ళడం కూడా ఆ పుట్టింటి ఆచారమే. అయితే వీసా గడువుకు లోబడిన అమ్మమ్మ ఆమె!

పది చేతులలో తండ్రి చేతులు చాలాకాలం లెక్కకు రాలేదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఎడ్గార్ రే అనే వైద్యుడు, బరువు తక్కువగా పుట్టిన శిశువులను తల్లి గుండెలపై ఒంటికి ఒళ్ళు ఆనేటట్లు ఉంచే పద్ధతి ప్రవేశపెట్టాడు. తల్లి అలసినప్పుడు తండ్రి ఎదపై ఉంచినా బిడ్డకు ఆ వెచ్చదనం అందుతుంది. తెలుగు ఇళ్ళలో మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తల్లి అత్తవారింటికి బయలుదేరుతుంది. అంతవరకు అల్లుడు ఆదివారాలలో అతిథిగా వచ్చి, భోజనం చేసి, బిడ్డను ముద్దాడి వెళ్ళినవాడైతే ఆ ఇంట మొదటి వారంలోనే ఆమె డీలాపడుతుంది. వచ్చిన ప్రతిసారీ బిడ్డను భుజాన వేసుకొని తేన్పు తెప్పించడం, పొత్తిగుడ్డ మార్చడం, నీళ్ళ వేడి మోచేతితో చూడడం అత్తగారివద్ద నేర్చుకొన్నవాడైతే, పుట్టింటి గడప దాటేనాటికి ఆమె వెంట మరో రెండు చేతులు సిద్ధంగా ఉంటాయి.